కౌంటరు ఇవతలి నుంచి చూసిన వై.వి. రెడ్డి గారు

రిజర్వు బ్యాంకు గవర్నరుగా పని చేసిన డాక్టర్ యాగా వేణుగోపాల్ రెడ్డి గారి పేరు ఎత్తగానే ఇప్పటివాళ్లకు 2008 గుర్తుకు వస్తుంది. అమెరికాలో పెద్ద పెద్ద ఆర్థిక సంస్థలు కూలిపోతున్న రోజుల్లో, నోబెల్ బహుమతి పొందిన ఆర్థికవేత్త జోసెఫ్ స్టిగ్లిట్జ్, ఇటువంటి కేంద్ర బ్యాంకు అధిపతి తమ దేశానికి ఉండి ఉంటే ఇంత దురవస్థ వచ్చేది కాదని అన్న మాట అన్ని పత్రికల్లోనూ వచ్చింది. 2010లో ఆయనకు పద్మవిభూషణ్ లభించింది. ఈ గౌరవాలన్నీ న్యాయమైనవే. అయితే వాటికి చాలా ముందు నుంచీ, ఆయన పని చేసిన కాలమంతా ఒక జాతీయ బ్యాంకులో గుమస్తాగా, ఆ తరువాత అధికారిగా బతుకు వెళ్లదీసిన నాకు, ఆయన ఉద్యోగ జీవితం మరో విధంగా జ్ఞాపకం ఉంది. ఢిల్లీలోనో ముంబయిలోనో ఆయన సంతకం చేసిన నిర్ణయం కొన్ని వారాల తరువాత ఒక సర్క్యులర్ రూపంలో మా బల్ల మీదికి వచ్చేది, దాని ఫలితం కౌంటరు అవతల నిలబడిన మనిషి ముఖంలో కనిపించేది. ఆ దారిలో నేను చూసినది రాసి పెట్టాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

ఆయనతో నాకు వ్యక్తిగత పరిచయం లేదు. పదవీ విరమణ తరువాత హైదరాబాదులో ఆయన ఇచ్చిన ప్రసంగాలకు వెళ్లి వెనక వరుసల్లో కూర్చుని విన్నాను, అంతే. మా ఇద్దరినీ కలిపేది నేల ఒక్కటే. కడప జిల్లా రాజంపేట ప్రాంతంలోని పాటూరులో 1941 ఆగస్టు 17న ఆయన పుట్టారు. మా ఊరూ ఆ చుట్టుపక్కలదే. వాన సరిగా పడని ఏళ్లలో మా పెద్దలు తమిళనాడు వైపు పనులకు వెళ్లేవారు, 1970ల తరువాత మా తరం వాళ్లు కువైట్ బాట పట్టారు. ఆ సంగతి ఇక్కడ ఎందుకు చెబుతున్నానో కాస్త ముందుకు పోతే తెలుస్తుంది.

మద్రాసు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో ఎం.ఏ., ఉస్మానియాలో పిహెచ్.డి., నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఆర్థిక ప్రణాళికపై డిప్లొమా చేసిన ఆయన, కొన్నాళ్లు పాఠాలు చెప్పి, 1964లో ఐ.ఏ.ఎస్.లో చేరి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చారు. బి.పి.ఆర్. విఠల్ గారు ఆర్థిక, ప్రణాళికా శాఖలను నడిపిన కాలంలో మన రాష్ట్ర సచివాలయం ఆర్థిక విషయాల్లో ఒక పాఠశాలగా పేరు తెచ్చుకుంది. రాష్ట్ర బడ్జెట్టు లెక్కలను అంత దగ్గరగా చూసినవారికి ఒక విషయం ఒంటపడుతుందని నాకు అనిపిస్తుంది: డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకోకుండా ఖర్చు ఒప్పుకోకూడదన్న జాగ్రత్త. 1970ల చివర, 1980ల తొలినాళ్లలో ఆయన వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకులో పని చేశారు. ఆ ఏళ్ల గురించి నాకు తెలిసింది తక్కువ కాబట్టి నేరుగా 1990కి వస్తాను.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి ప్రవేశించింది. అప్పుడు నేను రాజంపేట వైపు ఒక బ్రాంచిలో ఉన్నాను. ఆ రోజుల్లో మా బ్రాంచి డిపాజిట్లలో పెద్ద భాగం గల్ఫ్ డబ్బే. నెలకో, రెండు నెలలకో రిజిస్టర్డ్ కవరులో డ్రాఫ్టు వచ్చేది. దాన్ని పట్టుకుని ముసలి తండ్రులు, చంకలో బిడ్డలతో ఆడవాళ్లు కౌంటరు దగ్గర నిలబడేవారు. ఆ వానాకాలంలో కవర్లు ఆగిపోయాయి. "సారూ, మా వాని డ్రాఫ్టు వచ్చినాదా?" అని అడిగేవాళ్లకు "లేదు పెద్దమ్మా" అని చెప్పడమే మా పని అయింది. ఎయిర్ ఇండియా విమానాలు అమ్మాన్ నుంచి లక్ష మందికి పైగా భారతీయులను తీసుకొచ్చాయి. వారిలో మా వైపు మనుషులు కూడా ఎందరో ఉన్నారు. కట్టుబట్టలతో వచ్చినవాళ్లు, చేతిలో కువైటీ దినార్లు పట్టుకుని వాటి విలువ ఎంతో ఎవరూ చెప్పలేక తిరిగినవాళ్లు, మా బ్రాంచి అరుగు మీద కూర్చుని ఉండేవారు.

మా కౌంటరులో కనిపించిన ఆ కష్టానికి దేశం లెక్కల్లో ఒక పేరు ఉంది, విదేశీ చెల్లింపుల సంక్షోభం అని. చమురు ధర పెరిగింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఆగింది, ఆ భయానికి ప్రవాస భారతీయులు తమ డిపాజిట్లు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు, విదేశీ బ్యాంకులు అప్పు ఇవ్వడం మానుకున్నాయి, రాజకీయంగా ప్రభుత్వాలు నిలకడగా లేవు. 1991 మధ్యకు వచ్చేసరికి విదేశీ మారక నిల్వలు సుమారు 110 కోట్ల డాలర్లకు పడిపోయాయి. అవి రెండు మూడు వారాల దిగుమతులకు కూడా సరిపోని మొత్తం. సరిగ్గా ఆ సమయంలో కేంద్ర ఆర్థిక శాఖలో విదేశీ చెల్లింపుల వ్యవహారం చూసే సంయుక్త కార్యదర్శి కుర్చీలో ఉన్నది మా పాటూరు మనిషి. ఆ సంగతి అప్పుడు మాకు తెలియదు. తరువాతి కాలంలో తెలిసినప్పుడు, మా అరుగు మీద కూర్చున్న కువైట్ వాళ్ల కష్టమే అంకెలుగా మారి ఆయన బల్ల మీదికి చేరిందని తోచి, చాలాసేపు అదే ఆలోచనలో ఉండిపోయాను.

ఆ తరువాత జరిగినది చరిత్ర పుస్తకాల్లో ఉంది, అయినా అప్పటి బ్యాంకు ఉద్యోగుల మనసులో అది ఎలా పడిందో చెప్పాలి. 1991 మేలో, దొంగ రవాణాలో పట్టుబడి ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న బంగారంలో 20 టన్నులను భారతీయ స్టేట్ బ్యాంకు ద్వారా, తిరిగి కొనుక్కునే వీలు ఉంచుకుని, స్విట్జర్లాండ్ బ్యాంకుకు అమ్మి సుమారు 20 కోట్ల డాలర్లు తెచ్చారు. జులైలో రిజర్వు బ్యాంకు తన సొంత బంగారంలో దాదాపు 47 టన్నులను ఇంగ్లండు, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు అప్పు తీసుకుంది. బంగారాన్ని నిజంగానే ముంబయి నుంచి విమానాల్లో లండన్‌కు పంపారు. ఆ వార్త పత్రికల్లో వచ్చిన రోజు మా బ్రాంచిలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. బంగారం తాకట్టు పెట్టడమంటే ఏమిటో మా ప్రాంతంలో విడమరిచి చెప్పనక్కర లేదు. అదే బ్రాంచిలో, అదే ఏడాది, మా లాకరులో గుడ్డ సంచుల్లో కట్టి చీటీలు అంటించిన పుస్తెల తాళ్లు, కమ్మలు ఎన్నో ఉన్నాయి. ఇంటి ఆడవాళ్ల నగ తాకట్టులోకి పోయిన నాడు ఇంట్లో ఎవరూ అన్నం సరిగా తినరు. దేశానికీ అటువంటి రోజు వచ్చింది.

ఇల్లు తాకట్టులో ఉన్నప్పుడు దాన్ని విడిపించే మనిషికి రెండు రకాల ధైర్యం కావాలి. ఒకటి తల వంచి వెళ్లి అప్పు అడిగే ధైర్యం, రెండోది మళ్లీ ఆ గుమ్మం ఎక్కే అవసరం రాకుండా ఇంటి నడతనే మార్చే ధైర్యం. 1991 జులై 1, 3 తేదీల్లో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించడం, అంతర్జాతీయ ద్రవ్యనిధితో ఒప్పందం, ప్రధాని పి.వి. నరసింహారావు గారు, ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ గారు తీసుకున్న నిర్ణయాలు అందరికీ తెలిసినవే. అంతగా గుర్తింపు రానిది, ఆ వెంటనే సి. రంగరాజన్ గారి అధ్యక్షతన ఏర్పడిన విదేశీ చెల్లింపుల ఉన్నత స్థాయి సంఘం. వేణుగోపాల్ రెడ్డి గారు దానికి సభ్య కార్యదర్శి. స్వల్పకాలిక అప్పుల మీద ఆధారపడకూడదు, చెల్లింపుల లోటు ఒక హద్దు దాటకూడదు, అప్పు కంటే పెట్టుబడికి ప్రాధాన్యం ఇవ్వాలి అన్న ఆ నివేదిక సారమే తరువాతి ఏళ్లలో దేశానికి కంచెగా నిలబడింది. 1992లో ప్రవాసులు సుంకం విదేశీ మారకంలో కట్టి ఐదు కిలోల దాకా బంగారం వెంట తెచ్చుకోవచ్చన్న సడలింపు వచ్చింది. 1993 మార్చిలో రూపాయి మారకపు రేటు మార్కెట్టుకు ముడిపడింది. ఈ రెండు మార్పుల తరువాత మా కౌంటరులో ఏమి జరిగిందో నేను కళ్లారా చూశాను. అధికారిక రేటుకూ హవాలా రేటుకూ మధ్య తేడా కరిగిపోయింది. అంతకు ముందు ఎవరో తెలియని మనిషి రాత్రిపూట ఇంటికి వచ్చి ఇచ్చి పోయే కువైట్ డబ్బు, పగటి పూట బ్యాంకు ద్వారా రావడం మొదలైంది. కువైట్ కూడా కోలుకుంది, మా వాళ్లు మళ్లీ వెళ్లారు, రిజిస్టర్డ్ కవర్లు మళ్లీ వచ్చాయి. ఒక విధాన పత్రం గురించి నాకు ఇంత ఆపేక్ష ఉండటానికి కారణం అది.

ఆ రోజుల నుంచే నాకు ఒక అలవాటు అయింది. రిజర్వు బ్యాంకు సర్క్యులర్లలో ముఖ్యమనిపించిన వాటి సారాన్ని తెలుగులో ఒక పొడవాటి నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. తేదీ, విషయం, మా బ్రాంచి మీద దాని ప్రభావం, అంతే. అధికారిగా పదోన్నతి వచ్చిన తరువాత, వేరే ఊళ్లకు బదిలీ అయిన తరువాత కూడా అది ఆగలేదు.

1996 సెప్టెంబరులో ఆయన రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు అయ్యారు. ఆరేళ్లు ఆ బాధ్యతలో ఉన్నారు. అడహాక్ ట్రెజరీ బిల్లుల పేరుతో ప్రభుత్వం తన లోటును రిజర్వు బ్యాంకు నోట్లతో పూడ్చుకునే పద్ధతికి 1997 ఏప్రిల్ నుంచి స్వస్తి పలికారు. నోటు ముద్రించే అధికారాన్ని ఖజానా చేతి నుంచి దూరం పెట్టిన ఆ మార్పు దాదాపు చప్పుడు లేకుండా జరిగింది. చప్పుడు అయింది మాత్రం అదే ఏడాది ఆగస్టులో. గోవాలో విదేశీ మారక వ్యాపారుల సమావేశంలో మాట్లాడుతూ, ఇతర దేశాల ధరలతో పోల్చి లెక్కించే వాస్తవ మారకపు సూచీని బట్టి చూస్తే రూపాయి ఉండవలసిన దాని కంటే ఎక్కువ విలువలో ఉందని ఆయన లెక్కలతో చెప్పారు. రూపాయి జారింది. పత్రికలు ఆయన్ను ఎన్నో మాటలు అన్నాయి. థాయిలాండ్ కరెన్సీ జులైలోనే కూలి, ఆ మంట తూర్పు ఆసియా అంతా పాకుతున్న సమయం అది. ముందుగానే కొంత దిగిన రూపాయికి ఆ తరువాతి నెలల్లో పెద్ద దెబ్బ తగలలేదు. ఎక్కువ విలువలో ఉన్న నాణేన్ని పట్టుకుని వేలాడే దేశం ఎలా పడిపోతుందో 1991లో చూసినవారు గనుకనే ఆ మాట అంత బాహాటంగా చెప్పగలిగారని నేను నమ్ముతాను. విదేశీ మారకం పేరెత్తితే నేరస్తుణ్ణి చూసినట్టు చూసే 1973 నాటి ఫెరా చట్టం పోయి, 1999లో ఫెమా వచ్చింది. మా బ్యాంకులో ఒక విద్యార్థి ఫీజు కోసం విదేశానికి డబ్బు పంపాలంటే ఒకప్పుడు ఎన్ని కాగితాలు కావలసి వచ్చేవో, ఆ తరువాత ఎంత తేలికైందో ఆ కాలంలో పని చేసినవారికి తెలుసు. 2002లో ఆయన అంతర్జాతీయ ద్రవ్యనిధిలో భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, భూటాన్‌ల తరఫున కార్యనిర్వాహక డైరెక్టరుగా వాషింగ్టన్ వెళ్లారు. పదేళ్ల కిందట అప్పు అడగడానికి ఏ గుమ్మం ఎక్కవలసి వచ్చిందో ఆ ఇంట్లోనే ఆయన కూర్చున్నారు.

2003 సెప్టెంబరు 6న గవర్నరుగా బాధ్యతలు తీసుకున్నారు. కొన్ని నెలలకు ఆయన సంతకంతో కొత్త నోట్ల కట్టలు మా బ్రాంచికి వచ్చాయి. నోటు మీద ఉండే పదిహేను భాషల వరుసలో తెలుగు చివరి నుంచి రెండోది. ఆ వరుస ఉన్న నోటు మీదనే మా జిల్లా మనిషి సంతకం చూడటం ఒక చిన్న సంతోషం. క్యాషియరు కొత్త కట్ట విప్పి, ఒక నోటు అందరికీ చూపించి, మళ్లీ జాగ్రత్తగా కట్టలో పెట్టాడు.

గవర్నరుగా ఆయన ముందుకు వచ్చిన సమస్య 1991కి పూర్తిగా తలకిందులు. డాలర్లు వరదలా వస్తున్నాయి. 2003 డిసెంబరులో నిల్వలు 10,000 కోట్ల డాలర్లు దాటాయి, 2008 నాటికి 30,000 కోట్ల డాలర్లు దాటాయి. ఆ డాలర్లను కొంటే అంత మేరకు రూపాయలు వ్యవస్థలోకి వస్తాయి, ధరలు పెరుగుతాయి. కొనకపోతే రూపాయి బలపడి ఎగుమతులు దెబ్బతింటాయి. దీనికి మార్గంగా 2004 ఏప్రిల్ నుంచి మార్కెట్ స్థిరీకరణ పథకం తెచ్చారు. ప్రభుత్వం బాండ్లు అమ్మి మార్కెట్టులోని అదనపు డబ్బును లాగేస్తుంది, కానీ ఆ డబ్బును ఖర్చు పెట్టకుండా రిజర్వు బ్యాంకులో వేరే ఖాతాలో కదలకుండా ఉంచుతుంది. ఖర్చు పెట్టడానికి వీలు లేని అప్పు చేయమని ఒక ప్రభుత్వాన్ని ఒప్పించడం ఎంత కష్టమో ఊహించవచ్చు. వడ్డీ భారం బడ్జెట్టులో కనిపించేలా ఆ ఏర్పాటు చేయడం నాకు మరీ నచ్చిన అంశం. దాచిపెట్టని ఖర్చు అది.

2004 జులై 24న హైదరాబాదు కేంద్రంగా ఉన్న గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మీద మారటోరియం విధించారు. డిపాజిటర్లు 10,000 రూపాయలకు మించి తీసుకోలేని పరిస్థితి. అప్పటికి నేను హైదరాబాదు జోనల్ కార్యాలయానికి బదిలీ అయి వచ్చాను. నగరంలో మధ్యతరగతి ఇళ్లలో ఆ శనివారం ఎంత ఆందోళన ఉందో బాగా గుర్తు. మా బ్యాంకుకు కూడా ఫోన్లు వచ్చాయి, మీ దగ్గర ఉన్న డబ్బు భద్రమేనా అని. మూడు వారాలు తిరిగేసరికి, ఆగస్టు 14 నాటికి, ఆ బ్యాంకు ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో విలీనమైంది. డిపాజిటర్లకు ఒక్క రూపాయి పోలేదు, నష్టం వాటాదారులు భరించారు. ఆ క్రమం సరైనదని నా అభిప్రాయం. బ్యాంకులో దాచుకున్నవాడికీ, బ్యాంకు మీద లాభం కోసం పెట్టుబడి పెట్టినవాడికీ తేడా ఉందని ఆ మూడు వారాల్లో నిర్ద్వంద్వంగా చూపించారు.

ఆ తరువాతి నాలుగేళ్ల సర్క్యులర్లు నా నోటు పుస్తకంలో అన్నిటికంటే ఎక్కువ పేజీలు ఆక్రమించాయి. హైదరాబాదులో స్థలాల ధరలు నెలనెలా పెరుగుతున్న కాలం అది. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు రాళ్లగుట్టలు కరిగిపోయి భవనాలు లేస్తున్నాయి. రుణం అడిగేవాళ్లు క్యూ కట్టారు, ఇవ్వడానికి బ్యాంకులు పోటీ పడ్డాయి. అప్పుడు రిజర్వు బ్యాంకు, ఇళ్ల రుణాలకూ వ్యక్తిగత రుణాలకూ బ్యాంకు పక్కన పెట్టవలసిన మూలధనం పెంచుతూ రిస్క్ వెయిట్ నిబంధనలు బిగించింది. వాణిజ్య స్థిరాస్తి రుణాల రిస్క్ వెయిట్ 2005లో 100 నుంచి 125 శాతానికి, మరుసటి ఏడాది 150 శాతానికి పెరిగింది. అంటే వంద రూపాయల రుణం ఇస్తే నూట యాభై రూపాయల రుణం ఇచ్చినంత మూలధనం చూపించాలి. బ్యాంకులు తామిచ్చిన రుణాలను మూటగట్టి అమ్ముకునే వ్యవహారం మీద 2006 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలు అంతకన్నా ముఖ్యమైనవి. అమ్మిన వెంటనే లాభం మొత్తం ఖాతాలో చూపించుకోవడానికి వీలు లేదు, ఆ పత్రాల కాలమంతా కొద్దికొద్దిగా పంచి చూపించాలి అన్నారు. అమెరికాలో రుణం ఇచ్చినవాడు మరుసటి వారం దాన్ని అమ్మేసి, బోనసు తీసుకుని, రుణగ్రహీత మొహం కూడా చూడని స్థితి వచ్చింది. ఇక్కడ ఆ ఒక్క నిబంధనతోనే ఆ ఆశకు ముకుతాడు పడింది.

నగదు నిల్వల నిష్పత్తి, మేము సీఆర్ఆర్ అనేది, 2006 చివర్లో 5 శాతం ఉన్నది దఫదఫాలుగా పెరిగి 2008 ఆగస్టు చివరికి 9 శాతానికి చేరింది. బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే స్వల్పకాలిక అప్పు మీది వడ్డీ, అంటే రెపో రేటు కూడా 9 శాతానికి చేరింది. వంద రూపాయల డిపాజిట్టులో తొమ్మిది రూపాయలు వడ్డీ లేకుండా రిజర్వు బ్యాంకులో పడి ఉంటే జోనల్ కార్యాలయాల్లో ఎవరికి సంతోషంగా ఉంటుంది? లక్ష్యాల సమీక్షా సమావేశాల్లో పై అధికారులు నిట్టూర్చేవారు. పరిశ్రమల వాళ్లు అభివృద్ధికి అడ్డుపడుతున్నారని అన్నారు. ఢిల్లీలోనూ ఆ మాట వినిపించేదని పత్రికలు రాసేవి. రిజర్వు బ్యాంకు స్వతంత్రత గురించి అడిగితే, మాకు పూర్తి స్వతంత్రత ఉంది, ఆ సంగతి మీకు చెప్పడానికి ఆర్థిక మంత్రి గారి అనుమతి కూడా తీసుకున్నాను అని ఆయన నవ్వుతూ చెప్పిన జవాబు మా కార్యాలయంలో చాలా రోజులు తిరిగింది. ఆ నవ్వు వెనక ఉన్న ఒత్తిడి ఎంతో, పరపతి విధాన సమీక్ష వచ్చిన ప్రతిసారీ సర్క్యులర్ చదివితే మాకు అర్థమయ్యేది. వాక్యం చాలా మెత్తగా ఉండేది, నిబంధన మాత్రం ఒక్క అంగుళం సడలేది కాదు.

మా సీమలో కరువు చూసిన రైతు, పంట బాగా పండిన ఏడాది గాదె నింపి, విందులు తగ్గిస్తాడు. చుట్టాలు పిసినారి అంటారు. ఆయన పగ్గాలు బిగించిన తీరు నాకు అలాగే అర్థమైంది. 1991లో ఖాళీ గాదెను తడిమి చూసిన చేయి అది. డబ్బు పోటెత్తే రోజుల్లో, ఎత్తిన పోటు తీస్తుందని మరిచిపోని మనిషి ఒకరు ముంబయిలో ఉన్నారన్నది ఆ కాలంలో నాకు పెద్ద భరోసా.

బిగింపు ఒక్కటే ఆయన పని అనుకుంటే పొరపాటు. 2005 నవంబరులో వచ్చిన నో ఫ్రిల్స్ ఖాతాల సర్క్యులర్‌ను నేను ఎంతో ఇష్టంగా నోటు పుస్తకంలో ఎక్కించుకున్నాను. కనీస నిల్వ లేకుండా, లేదా చాలా తక్కువ నిల్వతో, ఎవరికైనా ఖాతా తెరవాలన్నారు. అంతకు కొద్ది నెలల ముందే, 50,000 రూపాయల లోపు నిల్వ ఉండే చిన్న ఖాతాలకు గుర్తింపు పత్రాల నిబంధనలు సడలించారు. కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం లేని కూలి మనిషి, తెలిసిన ఖాతాదారుడి పరిచయంతో ఖాతా తెరవగలిగాడు. గ్రామాల్లో 25,000 రూపాయల దాకా పరపతి ఇచ్చే జనరల్ క్రెడిట్ కార్డు వచ్చింది. 2006లో ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్ పథకాన్ని మరింత విస్తరించి కొత్తగా తెచ్చారు. ఖాతా తెరిచే ఫారాలు ప్రజల భాషలో ఉండాలన్న ఒత్తిడి కూడా ఆ కాలంలోనే పెరిగింది. తెలుగులో ఫారం నింపి, వేలిముద్ర కాకుండా వంకరటింకరగానైనా సంతకం పెట్టి, పాసు పుస్తకం కొంగులో కట్టుకుని వెళ్లిన ఆడవాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టు ఉంటుంది. మన రాష్ట్రంలో స్వయం సహాయక సంఘాల ఉద్యమం అప్పటికే బలంగా ఉన్నందువల్ల ఆ సర్క్యులర్ ఇక్కడ కాగితం మీద ఆగిపోలేదు. ప్రతి ఖాతా వాడకంలో ఉండిందని మాత్రం అనలేను. ఎన్నో ఖాతాలు తెరిచిన రోజు తరువాత కదలలేదు. అయినా తలుపు తెరవడం ముందు జరగాలి, లోపలికి రావడం తరువాత.

2008 సెప్టెంబరు 5న ఆయన పదవీ విరమణ చేశారు. ఆ కుర్చీలోకి వచ్చిన దువ్వూరి సుబ్బారావు గారు కూడా ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐ.ఏ.ఎస్. అధికారే, ఏలూరులో పుట్టినవారు. పది రోజులకు, సెప్టెంబరు 15న, న్యూయార్క్‌లో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు దివాలా తీసింది. ఆ అక్టోబరులో మన దగ్గరా ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు గురించి వదంతులు లేచి ఏటీఎంల ముందు జనం చేరారు. మా జోనల్ కార్యాలయంలో ఆ నెలంతా దీపాలు ఆలస్యంగా ఆరేవి. అప్పుడు సుబ్బారావు గారు సీఆర్ఆర్‌ను 9 శాతం నుంచి నాలుగు నెలల్లో 5 శాతానికి, రెపో రేటును 2009 ఏప్రిల్ నాటికి 4.75 శాతానికి దించారు. అంత దించడానికి వీలుపడిందంటే అంతకు ముందు ఎవరో అంత ఎత్తులో ఉంచారు గనుకనే. ఇద్దరి పనినీ కలిపి చూడాలని నేను ఎప్పుడూ వాదిస్తాను. ఒకరిని పొగడటానికి మరొకరిని తగ్గించడం మనవాళ్లకు అలవాటు, కానీ ఆ శరత్కాలంలో ఇద్దరూ అవసరమయ్యారు. 2009 నవంబరులో రిజర్వు బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 200 టన్నుల బంగారం 670 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ వార్త చదివిన రోజు, 1991లో మా బ్రాంచిలో నాతో పని చేసిన పాత మిత్రుడికి ఫోను చేశాను. ఆయన వెంటనే ఎత్తి, "చూసినావా?" అన్నాడు. నేను ఏ విషయమో చెప్పే అవసరమే రాలేదు.

విరమణ తరువాత స్టిగ్లిట్జ్ అధ్యక్షతన ఐక్యరాజ్య సమితి ఏర్పరచిన నిపుణుల సంఘంలో వేణుగోపాల్ రెడ్డి గారు సభ్యులయ్యారు. 2013లో పద్నాలుగో ఆర్థిక సంఘానికి అధ్యక్షులయ్యారు. ఆ సంఘం పని చేస్తుండగానే, 2014 జూన్ 2న, ఆయన సొంత రాష్ట్రం రెండుగా విడిపోయింది. పాటూరు ఒక రాష్ట్రంలో, ఆయన పిహెచ్.డి. చేసిన ఉస్మానియా మరో రాష్ట్రంలో ఉన్నాయి. 2014 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 శాతం నుంచి 42 శాతానికి పెంచారు. ఒకేసారి పది శాతం పాయింట్లు పెంచడం ఆర్థిక సంఘాల చరిత్రలో అంతకు ముందు లేదు. విభజన తరువాత ఆదాయ లోటులో పడిన ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లకు 22,113 కోట్ల రూపాయల గ్రాంటు సిఫారసు చేశారు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ నివేదిక మీద వాదాలు చాలా జరిగాయి, కొన్నిటిలో కోపం కూడా ఉంది. నా మటుకు నాకు, సచివాలయంలో రాష్ట్రం పక్షాన కూర్చుని ఢిల్లీ వైపు చూసిన యువ అధికారి ఆ 42 శాతంలో కనిపిస్తాడు. రాష్ట్రాలకు డబ్బు ఇవ్వడంతో పాటు, ఎలా ఖర్చు పెట్టుకోవాలో నిర్ణయించుకునే హక్కు కూడా ఇవ్వాలని ఆయన గట్టిగా నమ్మారు.

హైదరాబాదు ప్రసంగాల్లో ఆయన మాట తీరు నాకు చాలా ఇష్టం. ఎంత పెద్ద విషయమైనా చిన్న వాక్యంలో పెట్టేవారు. ప్రపంచంలో అంతటా భవిష్యత్తు అనిశ్చితం, మన దేశంలో గతం కూడా అనిశ్చితమే అని ఆయన ఒకప్పుడు అన్న మాట, గణాంకాలు మాటిమాటికీ సవరించే మన పద్ధతి గురించి అన్నది, బ్యాంకుల్లో పని చేసినవాళ్లందరికీ తెలుసు.

కడప, రాజంపేట కళాశాలల్లో కామర్సు, అర్థశాస్త్రం చదివే పిల్లలతో అప్పుడప్పుడు మాట్లాడుతుంటాను. వాళ్లలో చాలామందికి ఇప్పటికీ కువైట్‌లో ఒక మామో, అక్కో ఉన్నారు. 1990 నాటి ఆ వానాకాలానికీ, ఢిల్లీలో ఆ కుర్చీకీ, ముంబయిలో బిగిసిన ఆ పగ్గాలకూ ఉన్న సంబంధాన్ని మా ప్రాంతం వైపు నుంచి తెలుగులో వివరంగా రాసిన పరిశోధన నా కంట ఇంకా పడలేదు. గల్ఫ్ డబ్బు మా జిల్లా బ్యాంకు డిపాజిట్లను ఎలా మార్చింది, హవాలా ఎప్పుడు తగ్గింది, చిన్న ఖాతాలు తెరిచిన ఆడవాళ్లలో ఎందరు వాటిని నిలబెట్టుకున్నారు, ఇవన్నీ అడిగి తెలుసుకోవడానికి అప్పటి మనుషులు ఇంకా ఉన్నారు. ఎవరైనా యువ పరిశోధకులు ఆ పనికి పూనుకుంటే నా సర్క్యులర్ల నోటు పుస్తకాలన్నీ సంతోషంగా ఇస్తాను. చేతిరాత కొన్నిచోట్ల చెదిరింది, పక్కన కూర్చుని చదివి వినిపిస్తాను.